రెండో జామీనుదారు

చెరసాల పరిచర్య బృందంలో పద్నాలుగు మంది సభ్యులు. వాళ్ళకి పద్నాలుగు నీలం టీషర్టులు, ఒక బ్యానరు, ఒక సెల్ఫీ స్టిక్కు. వీటిలో నిజంగా పనికొచ్చేవి టీషర్టులేనని దేవకుమారి అభిప్రాయం. రెండు ఉతుకులయ్యాక ఇల్లు తుడుచుకోవచ్చు కదా.

దేవకుమారి రిటైరైన నర్సు. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు ఉద్యోగం చేసి, చివరి పన్నెండేళ్ళూ రేపల్లెలోనే ఉండి, అక్కడే రెండు గదుల డాబా వేసుకుని స్థిరపడింది. భర్త పోయి చాలా కాలమైంది. కూతురు కృపారాణి తెనాలిలో టీచరు. ఇక ఆవిడకి మిగిలినవి పెన్షను, బీపీ మిషను, నోరు. మూడోదానికే ఎక్కువ పని. ఊళ్ళో ఆవిడ్ని అందరూ సిస్టరమ్మ అంటారు. వెనకాల ఇంకేదో అంటారని ఆవిడకి తెలుసు, ఖాతరు చెయ్యదు.

బృందం నెలకో సబ్ జైలు చొప్పున రేపల్లె, బాపట్ల, తెనాలి వంతులవారీగా తిరుగుతుంది. వ్యాను మాట్లాడుకుని, రెండు గెలల అరటిపళ్ళు, బిస్కెట్లు, సబ్బులు వేసుకుని, పాటలు పాడుకుంటూ వెళ్తారు. సంఘం చందాలతో కొన్న పళ్ళని పాస్టరు జీవరత్నం గారు తన చేతుల మీదుగా పంచుతారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ప్రభువు సేవ చాలావరకు గేటు బయటే జరిగిపోతుంది. బ్యానరు పట్టుకుని ఒక ఫొటో, పళ్ళు పట్టుకుని ఒక ఫొటో, కళ్ళు మూసుకుని ఒక ఫొటో. కళ్ళు మూసుకున్నది సరిగ్గా రాలేదని ఒకసారి బాపట్లలో మళ్ళీ మూసుకోమన్నారు. చెరలో ఉన్నవాణ్ణి చూడబోతే తన్ను చూసినట్టేనని ప్రభువు చెప్పాడు నిజమే. తనతో ఫొటో దిగమని ఎక్కడా చెప్పలేదు. ఈ మాట దేవకుమారి వ్యానులో పైకే అంది. వినపడనట్టు అందరూ పాట అందుకున్నారు.

మరి ఆవిడెందుకు వెళ్తున్నట్టు? బీపీ చూడటానికి. లోపలున్నవాళ్ళకి పుండో గజ్జో ఉంటే మందు రాయటానికి. అదీ కాక, జీవరత్నం గారిని దగ్గరుండి చూస్తే తిట్టుకోవటానికి సరుకు దొరుకుతుంది. సరుకు లేకపోతే ఆవిడకి పొద్దుపోదు.

ఆయన్ని చూస్తే ఆవిడకి అంత మంట ఎందుకంటే, సాక్ష్యాల వల్ల. జైలు నించి బయటికొచ్చినవాణ్ణి తెచ్చి ఆదివారం ఆరాధనలో మైకు ముందు నిలబెట్టి, నేనింత పాపిని, దేవుడు నన్నిలా మార్చాడు అని చెప్పించటం ఆ సంఘంలో ఆనవాయితీ. పాపం ఎంత పెద్దదైతే హల్లెలూయా అంత పెద్దది. చిన్నా చితకా పాపాలకి ముసలమ్మలు కూడా నిద్ర లేవరు. అందుకని ప్రతివాడూ గోరంతని కొండంత చేసేవాడు. చేబ్రోలు నించి వచ్చే ఒకాయన మొదటేడు ఒక సైకిలు దొంగిలించానన్నాడు, రెండో ఏడు మోటారు సైకిలన్నాడు, మూడో ఏటికి లారీ అయింది. వచ్చే ఏడు రైలు ఎత్తుకుపోతాడని దేవకుమారి పక్కావిడ చెవిలో ఊదింది. పక్కావిడ నవ్వాపుకోలేక చర్చి బయటికెళ్ళిపోయింది. ఆవిడ బయటికెళ్ళి ఏడుస్తోందనుకుని జీవరత్నం గారు ఆ ఆత్మ కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు.

నానీని ఆవిడ చూసింది రేపల్లె సబ్ జైల్లో. తీరంలో పల్లెకారుల కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. పడవ ఇంజను ఒకటి పోతే, పడవగలాయన అనుమానం మీద ఇతని పేరు రాసిచ్చాడు. ఆ రోజు నేను రామాపురంలో మా మావగారింట్లో వలలు బాగుచేస్తున్నానండీ అని ఇతను చెప్పాడు. అది కోర్టు తేలుస్తుంది, తీరిగ్గా. కాలి మీద పుండుకి దేవకుమారి కట్టు కడుతుంటే అతను ఆవిడ మొహంలోకి చూసి, మా పాపకి పురుడు పోసింది మీరే కదా సిస్టరమ్మగారూ అన్నాడు. అప్పుడు తెలిసిన సంగతేమిటంటే, బెయిలు అప్పటికే పదకొండు రోజుల క్రితం వచ్చేసింది. కోర్టు ఇద్దరు జామీనుదార్లని తెమ్మంది, సొంత ఇల్లున్నవాళ్ళని. మేనమామ ఒకడు ముందుకొచ్చాడు. రెండోవాడు దొరకలేదు. మిగతా చుట్టాలవి తాటాకు ఇళ్ళు, వాటికి పన్ను రసీదులుండవు. తలుపు తెరిచే ఉంది, గడప దాటించే మనిషి లేక కుర్రాడు లోపలే కూచున్నాడు.

మర్నాడు పొద్దున్నే అతని భార్య జ్యోతిలక్ష్మి పాపని చంకనేసుకుని దేవకుమారి ఇంటికొచ్చింది. ఆవిడ కాఫీ ఇచ్చింది. పాపకి బిస్కెట్టు ఇచ్చింది. విషయమంతా విని, పోలీసుల్నీ కోర్టునీ పడవగలవాణ్ణీ కలిపి కడిగేసింది. అప్పుడా పిల్ల నెమ్మదిగా అడిగింది, మీ ఇంటి పన్ను రసీదు పెట్టి ఒక్క సంతకం చేస్తారా అని.

"ఇల్లు నా పేరూ మా అమ్మాయి పేరూ కలిపి ఉందమ్మా. దాన్నడిగి చెప్తాను" అంది దేవకుమారి.

ఇల్లు ఆవిడ పేరునే ఉంది. కృపారాణిని ఆవిడ అడగనూ లేదు. ఎవడో ఏంటో, రేపు వాయిదాకి రాకుండా పడవెక్కి పోతే కోర్టు తన తలుపు కొడుతుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, ఈ వయసులో కోర్టు మెట్లెక్కాలి. ఇలా వంద అనుకుని, ఆ వందా సబబుగానే ఉన్నాయని తీర్మానించుకుంది. జ్యోతిలక్ష్మికి ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది. మళ్ళీ రాలేదు.

పందొమ్మిది రోజుల తర్వాత నానీ విడుదలయ్యాడు. రెండో జామీను పెట్టింది జీవరత్నం గారు.

ఆ కబురు విన్నప్పుడు దేవకుమారికి మొదట తన పన్ను రసీదు గుర్తొచ్చింది. దాని సంగతి ఆలోచించటానికి ఆవిడకి తీరిక లేకపోయింది. ఎందుకంటే వెంటనే కోపం వచ్చింది, కోపమైతే ఆవిడకి అలవాటైన సామాను. ఈయన ఊరికే చేస్తాడా? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఎక్కడికెళ్ళినా కెమెరావాణ్ణి తీసుకెళ్ళే మనిషి, సంతకం ఊరికే పెడతాడా? ఆ మాట కూరగాయల కొట్టు దగ్గర అంది, మందుల షాపు దగ్గర అంది, తెనాలి ఫోను చేసి కూతురికి చెప్పింది. వారం రోజులు రేపల్లెలో ఆవిడ నోటికి జీవరత్నం గారే టిఫినూ భోజనమూ.

ఆ తిట్లు తప్పు కూడా కాలేదు, అదీ చిత్రం. శనివారం సాయంత్రం ఆవిడ చర్చిలో బల్ల గుడ్డలు మార్చటానికి వెళ్ళేసరికి లోపల రిహార్సలు జరుగుతోంది. మైకు ముందు నానీ, ఎదురుగా కుర్చీలో జీవరత్నం గారు.

నేను తాగనండి అయ్యగారూ, అంటున్నాడు నానీ. తాగుడు దేవుడు మానిపించాడని చెప్పాలంటే ముందు తాగాలి కదా నాయనా, అని ఆయన ఓపిగ్గా బోధిస్తున్నారు. నేను మా ఆడదాన్ని ఎప్పుడూ కొట్టలేదండి. ఒక్కసారైనా కొట్టాలనిపించి ఉంటుంది, దేవుడి దృష్టిలో అనిపించినా కొట్టినట్టే. మరి ఇంజనండి? ఆ ఇంజను నేను తియ్యలేదండి.

జీవరత్నం గారు నిట్టూర్చారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే దేవకుమారికి ఇంత కష్టం ఉండేది కాదు. ఆయనకి తను చెప్పే ప్రతి మాట మీదా నమ్మకం ఉంది, అదీ జబ్బు. "ఇంజను తియ్యకపోతే జైలెందుకయ్యా? జైలు లేకపోతే సాక్ష్యమేంటి?" అన్నారు.

దేవకుమారి బల్ల గుడ్డ అక్కడే పడేసి ముందుకొచ్చింది. ఈ ఆరాధన యూట్యూబులో లైవు వస్తుందా రాదా అని అడిగింది. వస్తుందన్నారు. కేసు ఇంకా నడుస్తోందా లేదా అని అడిగింది. నడుస్తోందన్నారు. ఇంజను నేనే తీశానని వీడు పదిమందిలో చెప్తే, ఆ వీడియో పడవగలాయన ఫోనులోకి రావటానికి ఎంతసేపు పడుతుంది, రేపు జడ్జిగారు దాన్ని చూస్తే వీడి గతేంటి అని అడిగింది. జీవరత్నం గారు చిరునవ్వు నవ్వి, ఆ వీడియో చూస్తే పడవగలాయన హృదయమే కరిగి కేసు వెనక్కి తీసుకుంటాడని, తను అందుకోసం ఉపవాసం కూడా ఉంటున్నానని చెప్పారు. అంతటి విశ్వాసాన్ని ఆయనకే వదిలేసి ఆవిడ బయటికొచ్చి నానీ తరఫు లాయరు శ్రీకర్‌కి ఫోను చేసింది. ఆ అబ్బాయి ఒకటే మాటన్నాడు: అలాంటి వీడియో బయటికొస్తే నేను కోర్టుకెళ్ళి చెయ్యగలిగేది ఇంకేమీ ఉండదండీ.

నానీ చెప్పులేసుకుంటూ గేటు దగ్గరున్నాడు. ఆవిడ అతన్ని పట్టుకుని, రేపు చర్చి ఛాయలకి రాకు, వచ్చినా నోరు విప్పకు, విప్పితే మళ్ళీ లోపలికి పోతావు అని గట్టిగా చెప్పింది. ఆయనో పెద్ద నాటకాల కంపెనీ, నువ్వు అందులో వేషం వెయ్యక్కర్లేదు అంది. ఇంకా చాలా అంది.

అతను అన్నీ తలొంచుకుని విన్నాడు. పల్లెకారుల పిల్లాడు, ఉప్పు పెట్టినవాడి మాట తీసెయ్యటం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. అయ్యగారు నాకోసం సంతకం పెట్టారమ్మా, అన్నాడు. ఒక్క మాట చెప్పమని అడిగారు. మాట మీద నిలబడేవాడికే మేము నిలబడతామని కూడా అన్నారు. నేను చెప్పనంటే ఆయన సంతకం వెనక్కి తీసుకుంటారు. అప్పుడూ లోపలికే కదమ్మా.

దానికి దేవకుమారి, తీసుకుంటే తీసుకోనీ అంది. ఆ మాట అనేశాక, దాని తర్వాత ఇంకో మాట ఉండాలని ఆవిడకే తట్టింది.

నానీ తలెత్తాడు. వెటకారంగా కాదు, తెలియక అడిగినట్టే అడిగాడు.

"మీరు పెడతారా సిస్టరమ్మగారూ, జామీను?"

‘అమ్మాయినడిగి’ అన్న మాట ఆవిడ నాలుక మీదకి వచ్చి అక్కడ ఆగిపోయింది. అతను కాసేపు చూసి, పర్లేదమ్మా, చీకటి పడుతోంది ఇంటికెళ్ళండి అని, ఆవిడకే ధైర్యం చెప్తున్నట్టు చెప్పి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆవిడ కృపారాణికి ఫోను చేసి, ఇల్లు జామీను పెట్టనా అని అడిగింది. ఇల్లు నీ పేరునే ఉందిగా, నన్నడగడమేంటి అంది కూతురు. అది చాలా మామూలుగా అన్న మాటే. దేవకుమారికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆవిడ ఫోను పెట్టేసి, కూచుని, తన గురించి తను ఆలోచించుకుంది. అది ఆవిడ ఎక్కువగా చేసే పని కాదు. జీవరత్నం గారు నాటకాలవాడు, నిజమే. బృందం బాకా ఊదుకునే బృందం, అదీ నిజమే. ఇన్ని నిజాలు తెలిసిన మనిషి, నెల రోజుల్లో ఆ కుర్రాడికి చేసింది ఒక కట్టు. మాటలు కోటలు దాటతాయి గానీ కాలు గడప దాటదని ఊళ్ళో ఎందరినో అంది ఆవిడ. ఎదురుగా తనే ఉంటే ఏమనేదో అనుకుని చూసుకుంటే అసహ్యం వేసింది. అంత అసహ్యంలోనూ సంతకం పెట్టటానికి భయంగానే ఉంది. పెడతానని తనకి తను చెప్పుకోలేకపోయింది.

ఆదివారం చర్చి నిండింది. జ్యోతిలక్ష్మి ఆడవాళ్ళ వైపు దేవకుమారి పక్కనే చాప మీద కూచుంది, ఒళ్ళో పాప. సంఘం ఇచ్చిన కొత్త చీర కట్టుకుంది. మడతలు ఇంకా పోలేదు. స్టాండు మీద ఫోను పెట్టి లైవు మొదలెట్టారు. జీవరత్నం గారు ఇవాళ ఒక గొప్ప పాపిని చూడబోతున్నాం అని ప్రకటించారు. ఆయన మొహం నిజంగానే వెలిగిపోతోంది.

నానీ మైకు పట్టుకున్నాడు. అందరికీ వందనాలండి, అన్నాడు, నేర్పినట్టే. నేను పల్లెకారుణ్ణండి. నేను ముందు బాగా తాగేవాణ్ణండి.

జ్యోతిలక్ష్మి ఉలిక్కిపడి అతని వంక చూసింది. తాగుడు సంగతి ఆ పిల్లకి ఇప్పుడే తెలుస్తోంది.

మా ఆడదాన్ని కొట్టేవాణ్ణండి. వెనకనించి ఎవరో హల్లెలూయా అన్నారు. జ్యోతిలక్ష్మి చేతిలో చీర కొంగు నలిగిపోతోంది. ఆ పిల్ల చిన్నగా, తనలో తనే, లేదండి, లేదండి అంటోంది. ఆ గొంతు దేవకుమారి ఒక్కదానికే వినపడింది. మొన్న శ్రావణంలో, అన్నాడు నానీ. హార్బరు దగ్గర ఇంజను...

దేవకుమారి లేచి నిలబడింది. ధైర్యం వచ్చి కాదు. పక్కన ఆ పిల్ల లేదండి అనటం ఇంకొక్కసారి వినలేక.

"ఆపు నాయనా. నువ్వు చెప్పక్కర్లేదు. నీ జామీను నేను పెడతాను" అంది.

చర్చి అంతా ఆవిడ వైపు తిరిగింది. అన్నాళ్ళూ చర్చిలో పక్కవాళ్ళ చెవుల్లో ఊదిన గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలీదు. జీవరత్నం గారు ఇంకో మైకు తీసుకుని, సిస్టరమ్మగారికి ఒంట్లో బాగాలేదు, ఆమె కోసం ప్రార్థిద్దాం అన్నారు. నాకు బానే ఉందండి, బీపీ పొద్దున్నే చూసుకున్నాను అంది ఆవిడ. నానీ ఒకసారి ఆయన్నీ ఒకసారి ఆవిడనీ చూసి, మైకు జాగ్రత్తగా స్టాండులో పెట్టి, ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టి స్టేజీ దిగాడు. ఎవరో తెలివైనవాళ్ళు పాట అందుకున్నారు.

జీవరత్నం గారు సంతకం వెనక్కి తీసుకుంటానన్నారు. చెయ్యాలిగా మరి, లైవులో అంత జరిగాక. బుధవారం నాడు రేపల్లె కోర్టు వరండాలో అందరూ కలిశారు. ఆయన తెల్ల బట్టల్లో, చేతిలో తన పాత కాగితాలతో. దేవకుమారి పన్ను రసీదు, మున్సిపాలిటీ ఇచ్చిన విలువ సర్టిఫికెట్టు, ఆధారు, రెండు ఫొటోలతో. పాత జామీను పోయి కొత్తది ఒప్పుకునేదాకా నానీ పరిస్థితి గాల్లో దీపం. అతను భార్యతో కలిసి మూలన నిలబడ్డాడు. లోపల ఏదైనా తేడా వస్తే సాయంత్రానికి మళ్ళీ సబ్ జైలే.

దేవకుమారి దారి పొడుగునా తయారుచేసుకొచ్చింది. ఆయనకి అప్పజెప్పాల్సినవి పదో పన్నెండో ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. మీకు ఖైదీలు కావాలి గానీ మనుషులక్కర్లేదు అన్నది వాటిల్లో మెత్తనిది. దాంతోనే మొదలెట్టింది.

ఆయన చివరిదాకా విన్నారు. ఇవాళ ఆయన మొహంలో వెలుగు లేదు. స్టేజీ లేని చోట ఆయన మామూలు యాభై ఏళ్ళ మనిషి, కొంచెం అలిసిపోయినవాడు.

"నేను తప్పే చేశానేమో అమ్మా. అది దేవుడు చూసుకుంటాడు" అన్నారు. "కానీ ఆ పిల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చినప్పుడు, ఇంకెవర్నీ అడగలేదా అన్నాను. సిస్టరమ్మగారిని అడిగాను, వాళ్ళమ్మాయిని కనుక్కుని చెప్తానన్నారు అంది. రెండు వారాల పైన మీకోసం చూసి నా దగ్గరికొచ్చింది. మీరా రోజే పెట్టి ఉంటే వాడు నా మైకు ముందుకొచ్చేవాడా?"

ఆవిడ దగ్గర ఇంకా పదకొండు మాటలున్నాయి. చేతిలో పన్ను రసీదు మడత సరిచేసుకుంది. ఆయన సమాధానం కోసం చూడకుండా లాయరు శ్రీకర్ పిలిస్తే లోపలికెళ్ళి, సంతకం చేసి, తన కాగితాలు తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు పాప బుగ్గ మీద చెయ్యి వేసి వెళ్ళారు. అక్కడ ఫొటో తీసేవాళ్ళెవరూ లేరు. దేవకుమారి అది చూసింది. చూడకపోతే బాగుండుననుకుంది.

తర్వాత ఆవిడ్ని పిలిచారు. గుమస్తా కాగితాలన్నీ అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైనించి చూశాడు. ముద్దాయి వాయిదాలకి రాకపోతే మీ ఆస్తి మీదకొస్తుంది, తెలుసా అన్నాడు. తెలుసునంది.

ముద్దాయి మీకేమవుతాడు అని అడిగాడు. ఏమీ అవడండి అంది. ఒకే ఊరా అన్నాడు. కాదండి. మీ సంఘమా? కాదండి. గుమస్తా కలం ఆపేశాడు.

"మరి ఎందుకు పెడుతున్నారమ్మా?"

ఇలాంటి ప్రశ్నకి జీవరత్నం గారైతే వాక్యం చెప్పేవారు. నెల క్రితం దేవకుమారైతే ఉపన్యాసమిచ్చేది.

"అడిగారండి" అంది. అంతా చెప్పకపోతే తప్పుడు సాక్ష్యమవుతుందన్నట్టు, "రెండోసారి అడిగారండి" అంది.

గుమస్తాకి అది అర్థం కాలేదు. ‘తెలిసినవాడు’ అని రాసుకుని, కాగితం ఆవిడ వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.